ఆరంగుళాల మోడు, వంద మీటర్ల రాయి

ఎకరం పొలం సరిగ్గా నలుచదరంగా ఉంటే ఒక్కో గట్టు పొడవు 63.6 మీటర్లు. నడిమధ్యలో నిలబడి చూస్తే ఎదురుగా ఉన్న గట్టు 32 మీటర్ల దూరంలోనే ఉంటుంది. ట్రాక్టర్ వెనక స్లాషర్ కట్టించి పత్తి కట్టె కొట్టించాలనుకునే పల్నాడు రైతు ముందుగా వేసుకోవాల్సిన లెక్క ఇది. స్లాషర్ బ్లేడు నిమ్మకాయంత రాయిని సూటిగా తాకితే అది వంద మీటర్ల దాకా పోగలదు. మన ఎకరం దాటి పక్కవాళ్ల ఎకరంలో పడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ పక్క ఎకరంలో మిరపకాయలు కోసే ఆడవాళ్లు నడుం వంచి, తల దించుకుని ఉంటారు. రాయి వచ్చేది వాళ్లకు కనబడదు.

ఆ వంద మీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో విడమరిచి చెబితే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతట అవే అర్థమవుతాయి. అందుకే ఈ కథనంలో లెక్కలు ఎక్కువ.

ముందు నేల సంగతి. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో అన్ని పొలాలూ ఒకటి కావు. నరసరావుపేట చుట్టుపక్కల నల్లరేగడిలో రాళ్ల బెడద తక్కువ. పిడుగురాళ్ల దాటి గురజాల, మాచర్ల వైపు వెళ్లేకొద్దీ మట్టి పలచబడుతుంది, కింద సున్నపురాయి మొదలవుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్లలో 1958లో మొదలైన కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ ఆ రాయి మీద ఆధారపడి వచ్చినవే. ఇళ్లలో నేల పరుచుకునే నాపరాయి కూడా ఈ కుటుంబానిదే. దాని గుణమేమిటంటే పొరలు పొరలుగా విడిపోతుంది. ప్రతి ఏడూ దుక్కి దున్నినప్పుడల్లా నాగలి కర్రు ఆ పొరల అంచుల్ని పెళ్లగించి కొన్ని ముక్కల్ని పైకి తెస్తుంది. గట్ల మీద కనబడే రాళ్ల కుప్పలన్నీ తరతరాలుగా ఏరి పోసినవే. ఏరిన ఏడాదికే మళ్లీ తేలతాయి.

అలాంటి ముక్కను ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. గుండ్రంగా ఉండదు. పలక మాదిరి చదునుగా ఉండి, అంచు చేతికి గీరుకుంటుంది. సున్నపురాయి ఘన సెంటీమీటరు బరువు ఇంచుమించు 2.65 గ్రాములు. ఈ లెక్కన నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయంత ముక్క వంద గ్రాములు తూగుతుంది. మన లెక్క అంతా ఈ వంద గ్రాముల రాయి చుట్టూనే.

స్లాషర్‌ని రోటావేటర్‌తో కలిపి చూడొద్దు. రోటావేటర్ బ్లేడ్లు అడ్డంగా ఉన్న ఇరుసు చుట్టూ నిమిషానికి రెండు వందల పైచిలుకు చుట్లు తిరుగుతూ మట్టిని గుల్ల చేస్తాయి. రాయి తగిలితే వాటి బ్లేడే వంగుతుంది లేదా విరుగుతుంది. స్లాషర్‌లో ఇరుసు నిలువుగా ఉంటుంది, బ్లేడ్లు సీలింగ్ ఫ్యానులా నేలకు సమాంతరంగా తిరుగుతాయి. మట్టిని తాకకూడదు. తాకాల్సింది కట్టెను, కంపను, గడ్డిని. ఈ తరహా యంత్రం 1951లో అమెరికాలోని అలబామా రాష్ట్రం, సెల్మా పట్టణంలో బుష్ హాగ్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. అక్కడ ఇప్పటికీ ఏ కంపెనీ స్లాషర్‌నైనా ఆ పేరుతోనే పిలిచేవాళ్లున్నారు.

ట్రాక్టర్ వెనక, ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే ఇరుసు, పీటీవో, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 9. స్లాషర్ మీద ఉన్న గేర్‌బాక్సు ఆ వేగాన్ని పెంచుతుంది. యంత్రాన్ని బట్టి ఎంత పెంచుతుందన్నది మారుతుంది. ఒకటికి 1.47 చొప్పున పెంచే గేర్‌బాక్సును తీసుకుందాం. 540ని 1.47తో గుణిస్తే 794. అంటే బ్లేడు సెకనుకు 13 చుట్ల పైన తిరుగుతోంది. అయిదడుగుల స్లాషర్‌లో బ్లేడు కొస గీసే వృత్తం చుట్టుకొలత 4.71 మీటర్లు. రెండింటినీ గుణిస్తే కొస వేగం సెకనుకు 62 మీటర్లు. గంటకు 224 కిలోమీటర్లు. ట్రాక్టర్ నడిచేది గంటకు మూడు కిలోమీటర్లు కాబట్టి, డ్రైవరు వెనక్కి చూస్తే యంత్రం తాపీగా పాకుతున్నట్టే కనబడుతుంది. కంటిని మోసం చేసేది ఈ నిదానమే. మనిషి పక్కన నడుస్తూ పోగలిగేంత మెల్లగా వెళ్లే యంత్రం డెక్కు కింద, అంటే ఇనప మూత కింద, వందే భారత్ రైలు కంటే వేగంగా తిరిగే ఇనుము ఉంది.

ఆ వేగం వంద గ్రాముల రాయికి పూర్తిగా అందితే 192 జౌళ్ల శక్తి. జౌళ్లలో చెబితే ఎవరికీ తట్టదు కాబట్టి ఇలా చూడండి: కిలో బరువున్న రాయిని దాదాపు 20 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఆరంతస్తుల మేడ మీద నుంచి వదిలితే నేలను తాకేటప్పటి దెబ్బ అది. క్రికెట్ బంతి 160 గ్రాములుంటుంది. ఫాస్ట్ బౌలర్ దాన్ని గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేస్తే 121 జౌళ్లు. ఆ బంతిని ఎదుర్కొనే ఆటగాడికి హెల్మెట్ ఉంటుంది, ప్యాడ్లుంటాయి, చేతిలో బ్యాటుంటుంది, చూపు బంతి మీదే ఉంటుంది. మిరపచేలో వంగిన మనిషికి తలపాగా తప్ప ఏమీ లేదు.

ప్రతి రాయికీ బ్లేడు వేగం పూర్తిగా అందదు. పక్కగా తగిలి సగం వేగమే అందుకున్నవి ఎక్కువ. అప్పుడు శక్తి నాలుగో వంతుకు, 48 జౌళ్లకు పడిపోతుంది. నిశ్చింతగా ఉండొచ్చా? నేలకు పది డిగ్రీల వాలులో లేచిన అలాంటి రాయి కూడా 33 మీటర్లు పోతుంది. చేను నడిమధ్య నుంచి గట్టు 32 మీటర్లని మొదట్లో చెప్పుకున్నాం. సగం దెబ్బ తిన్న రాయే గట్టు దాటుతోంది. పూర్తి దెబ్బ తిన్న రాయి అదే వాలులో 134 మీటర్లు పోవాలి. గాలి అడ్డుపడటం వల్ల వందకు అటూ ఇటూగా ఆగుతుంది.

ఇక్కడ రాయి జాతి కూడా లెక్కలోకి వస్తుంది. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే మోహ్స్ కొలమానంలో సున్నపురాయిలో ఉండే కాల్‌సైటు 3. పలుగురాయి 7. బ్లేడు ఉక్కు ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. సున్నపురాయి బ్లేడు కంటే మెత్తన, అందుకని తగలగానే పగిలి నాలుగైదు ముక్కలై తలో దిక్కుకీ చిమ్ముతుంది. బ్లేడు మీద తెల్లటి పొడి మిగులుతుంది. పలుగురాయి అంత తేలిగ్గా పగలదు. బ్లేడు అంచునే కొరుకుతుంది, నిప్పురవ్వ రాలుస్తుంది. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది. మార్చి దాటాక ఎండుగడ్డి మీద పడే రవ్వను తేలిగ్గా తీసుకోకూడదు. పలుగురాళ్లున్న చేలో కొట్టించేటప్పుడు ట్రాక్టర్ మీద పది లీటర్ల నీళ్ల క్యాను ఉండాల్సిందే, పని పొద్దున్నే ముగించాల్సిందే.

ఇంత ప్రమాదాన్ని తగ్గించే ఉపాయాల్లో అన్నింటికన్నా చవకైనది, రూపాయి ఖర్చు లేనిది, ఎత్తు. ప్రతి చేలోనూ ఒకటే మాట వినబడుతుంది.

“ఇంకాస్త దించరా అబ్బాయ్, మోళ్లు నిలబడిపోతున్నాయి.”

“దించితే రాయి తగులుద్ది బాబాయ్.”

డ్రైవరు చెప్పేదే నిజం. రాతినేలలో బ్లేడు నేలకు కనీసం ఆరంగుళాల, అంటే 15 సెంటీమీటర్ల పైన తిరగాలి. దుక్కిలో తేలే ముక్కల్లో ఎక్కువ భాగం అంతకంటే తక్కువ ఎత్తులోనే ఉంటాయి. ఆరంగుళాల పైన వాటికీ బ్లేడుకీ భేటీ ఉండదు. అంతకంటే పైకి పొడుచుకొచ్చిన బండలు కంటికి కనబడతాయి, తప్పించుకోవచ్చు.

మోడు నిలబడితే నష్టమా? పత్తి కట్టె కొట్టించడానికి అసలు కారణం గులాబీ రంగు పురుగు. కోతలయ్యాక కట్టెను చేలో నెలల తరబడి నిలిపితే, విచ్చుకోకుండా మిగిలిన ఎండు కాయల్లో ఆ పురుగు దాక్కుని వచ్చే పంట దాకా బతుకుతుంది. జనవరి కల్లా పంట ముగించి కట్టెను నాశనం చేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. ఆ కాయలు ఉండేది కొమ్మలకు. నాలుగడుగుల కట్టెలో అడుగున ఆరంగుళాలు వదిలితే మిగిలేది ఎనిమిదో వంతు, అదీ కాయ లేని బోడి కాండం. పురుగుకు అక్కడ చోటు లేదు. తరవాత వేసే దుక్కిలో ఆ మొదలు వేళ్లతో సహా లేచొస్తుంది.

ఒక ఇబ్బంది ఉంది, దాచకుండా చెప్పాలి. ఏటవాలుగా తెగిన పత్తి మోడు ఎండితే మేకులా తయారవుతుంది. మనిషి కాలికి గుచ్చుకుంటుంది, ట్రాక్టర్ టైరుకూ గుచ్చుకుంటుంది. కాబట్టి కొట్టించిన వారం పది రోజుల్లో దుక్కి పడేలా చూసుకోవాలి, ఈలోగా చెప్పుల్లేకుండా ఎవరినీ ఆ చేలోకి పంపకూడదు. ఈ ఇబ్బందిని మన చేతుల్లో అదుపు చేయొచ్చు. పక్క చేలోకి ఎగిరిన రాయిని చేయలేం.

ఎత్తు తరవాత వేగం. అయిదడుగుల స్లాషర్ గంటకు మూడు కిలోమీటర్ల చొప్పున నడిస్తే, మలుపులూ ఒకదానిమీదొకటి పడే సాళ్లూ తీసేయగా, గంటకు 3,600 చదరపు మీటర్లు తెగుతాయి. ఎకరానికి 67 నిమిషాలు. గంటకు అయిదు కిలోమీటర్లకు పెంచితే 40 నిమిషాలు. మిగిలింది 27 నిమిషాలు. దానికి బదులు పోయేదేమిటో చూడండి. బానెట్ ముందు అయిదు మీటర్ల దూరంలో డ్రైవరుకు ఒక బండ కనబడింది. మూడు కిలోమీటర్ల వేగంలో దాన్ని చేరడానికి 6 సెకన్లు. అయిదు కిలోమీటర్ల వేగంలో మూడున్నర సెకన్లు. ఆలోపు చూడాలి, పోల్చుకోవాలి, లివరు లాగాలి, లిఫ్ట్ లేవాలి. ఆరు సెకన్లలో ఇవన్నీ జరుగుతాయి. మూడున్నరలో అదృష్టం కలిసి రావాలి.

నెమ్మదిగా పోవడమంటే యాక్సిలరేటర్ తగ్గించడం కాదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఇంజను వేగం తగ్గిస్తే పీటీవో కూడా తగ్గుతుంది, బ్లేడు కట్టెను తెంచలేక నమిలేస్తుంది, గడ్డి చుట్టుకుంటుంది. పీటీవోను 540 దగ్గరే నిలిపి, గేరు తగ్గించుకోవాలి.

బాడుగ మాట్లాడుకునే పద్ధతి కూడా ఇక్కడ అడ్డుపడుతుంది. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటే తొందర డ్రైవరుది. గంటకు ఇంత అంటే తొందర రైతుది. రాతి చేలో గంటల లెక్కే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే తొందరపడొద్దని చెప్పే అధికారమైనా అప్పుడు డబ్బులిచ్చేవాడి చేతిలో ఉంటుంది. మిగుల్చుకోవాలని చూసే ఆ 27 నిమిషాలకు మరో ఉపయోగం చెబుతాను. ఎకరాన్ని మూడు మీటర్ల పట్టెలుగా అనుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే మొత్తం 1,350 మీటర్లు. తాపీగా, గంటకు మూడు కిలోమీటర్ల చొప్పున నడిచినా సరిగ్గా 27 నిమిషాలే పడుతుంది. ట్రాక్టర్ రాకముందు చేయాల్సిన పని ఈ నడకే. చేతికి అందే రాళ్లు తీసి గట్టున పడేయాలి. కదలని బండ పక్కన ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతాలి. కట్టె దట్టంగా ఉన్నచోట, నిరుడు దుక్కిలో బండ ఎక్కడ తగిలిందో దున్నినవాణ్ణి అడిగితే చెబుతాడు. పాత కంచె తీగ, మోటారు పైపు ముక్కలు కూడా అప్పుడే ఏరేయాలి. తీగ బ్లేడుకు చుట్టుకుని తెగితే రాయి కంటే ఘోరం.

ఇక యంత్రం. స్లాషర్‌ని పైకి లేపి దిమ్మెల మీద నిలిపి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని కిందికి తొంగి చూడండి. నడుమ గుండ్రటి ఉక్కు పళ్లెం కనబడుతుంది. బ్లేడ్లు దాని అంచుకు లావుపాటి బోల్టుతో వేలాడతాయి, చేత్తో తోస్తే తలుపులా వెనక్కి జరుగుతాయి. రాయి తగిలినప్పుడు బ్లేడు వెనక్కి మడుచుకుని గేర్‌బాక్సును కాపాడేది ఈ ఏర్పాటే. అడుగున పళ్లెం మాదిరి ఉండే ఆ ఉక్కు, మోడు మీదకెక్కినప్పుడు యంత్రాన్ని జారేలా చేస్తుంది. ఆ బోల్టు తుప్పుతో బిగుసుకుపోయి బ్లేడు మడుచుకోకపోతే రక్షణ పోయినట్టే.

రాతినేల బ్లేడుకు కొడవలి పదును పనికిరాదు. అంచు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉండేలా సాన పెడితే చాలు. కత్తిలా పలచన చేస్తే మొదటి రాయికే అంచు చిట్లుతుంది. పని చేసేది వేగం, పదును కాదు. బ్లేడు మారిస్తే రెండింటినీ కలిపి మార్చాలి. ఒకదాని కొస నుంచి వంద గ్రాముల ఉక్కు విరిగిపోయిందనుకోండి. 75 సెంటీమీటర్ల దూరంలో, నిమిషానికి 794 చుట్ల వేగంలో ఆ వంద గ్రాముల తేడా 518 న్యూటన్ల బలంతో ఇరుసును పక్కకు లాగుతుంది. 53 కిలోల బస్తా ఒక పక్క వేలాడుతూ సెకనుకు 13 సార్లు దిక్కు మార్చుకుంటున్నట్టు. బేరింగు ఎంతకాలం తట్టుకుంటుంది? ట్రాక్టర్ సీటు కింద కొత్తగా వణుకు మొదలైతే ఆపి చూడాలన్నది అందుకే.

షియర్ బోల్టు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. షాఫ్ట్ మీద పడకూడని బరువు పడినప్పుడు తను తెగిపోయి గేర్‌బాక్సును బతికించడమే దాని పని. రాతి చేలో అది రోజుకు రెండు మూడుసార్లు తెగితే విసుగొస్తుంది, నిజమే. ఆ విసుగులో చేతికి దొరికిన గట్టి బోల్టు బిగించేస్తారు. బోల్టు తలపై అచ్చు గుద్దిన అంకెలు చూడండి. 4.6 అని ఉంటే దాని ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 400 న్యూటన్లు ఓర్చుకుంటుంది. 8.8 అని ఉంటే 800. యంత్రంతో వచ్చే పుస్తకంలో 4.6 వేయమని ఉన్నచోట 8.8 వేస్తే బోల్టు రెండింతల దెబ్బకు గానీ తెగదు. ఆ దెబ్బంతా గేర్‌బాక్సు పళ్లు మోయాలి. మాటిమాటికీ బోల్టు తెగుతోందంటే బ్లేడు కిందికి ఉందని అర్థం. మార్చాల్సింది ఎత్తును.

స్లాషర్ ముందూ వెనకా వేలాడే గొలుసుల తెర అలంకారం కాదు. డెక్కు కింద నుంచి నేల మట్టంగా చిమ్మే రాయిని ఆపేది అదొక్కటే. నాలుగు గొలుసులు తెగి ఖాళీ ఏర్పడితే, మన లెక్కలోని పది డిగ్రీల వాలుకు తలుపు తెరిచినట్టే. బాడుగకు వచ్చిన యంత్రానికి గొలుసులు సగం లేకపోతే వెనక్కి పంపడానికి మొహమాటపడొద్దు.

పీటీవో షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు ఊడిపోయి ఉన్నా అంతే. తొడుగు లేని షాఫ్ట్ ఏడు సెంటీమీటర్ల లావుంటే చుట్టుకొలత 22 సెంటీమీటర్లు. సెకనుకు 9 చుట్లు. అంటే సెకనుకు రెండు మీటర్ల గుడ్డను చుట్టేస్తుంది. భుజం మీది తువాలు మీటరున్నర ఉంటుంది. కొస అందిందా, ముప్పావు సెకనులో మొత్తం పోతుంది, దాని వెనకే మెడ. లుంగీ అయితే ఒక్క సెకను. క్లచ్ మీదున్న మనిషి అరుపు విని కాలు నొక్కేలోపే అంతా అయిపోతుంది. తిరిగే షాఫ్ట్ దాటడం, దాని పక్కన నిలబడి మాట్లాడటం, పిల్లవాణ్ణి మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టుకోవడం, ఈ మూడూ మన ఊళ్లలో రోజూ కనబడేవే. మూడూ మానాలి. పీటీవో ఆపాక కూడా బ్లేడ్లు ఊపు మీద కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి. చప్పుడు పూర్తిగా ఆగేదాకా దిగకూడదు.

కొందరు స్లాషర్‌తో బీళ్లలోని సర్కారు తుమ్మ కొట్టిస్తారు. ఈ మొక్కను మన దేశానికి తెచ్చిన తొలి రోజుల్లో, 1870ల చివర, విత్తనం వేసిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. వంటచెరకు కోసం తెచ్చిన ఆ కంప ఇప్పుడు కాలవ గట్ల నుంచి పోరంబోకుల దాకా అల్లుకుంది. స్లాషర్ దీన్ని చంపలేదు. చిగురు పుట్టే కళ్లు నేల లోపల, కాండం మొదట్లో ఉంటాయి. పైన నరికితే ఒక మాను చోట పది కొమ్మలు లేస్తాయి. పైగా కంప దట్టంగా ఉన్నచోట కింద రాయి కనబడనే కనబడదు. వేలి లావు మించిన కంపను జేసీబీతో వేళ్లతో సహా తీయించి, తరవాత ఏటా వచ్చే పిలకల్ని స్లాషర్‌తో అణచడమే దారి.

రాళ్లు మరీ ఎక్కువైతే స్లాషర్ మానేసి ష్రెడర్ చూడటం మంచిది. అందులో అడ్డంగా ఉన్న డ్రమ్ముకు చిన్న చిన్న సుత్తులు వేలాడుతుంటాయి. 45 సెంటీమీటర్ల డ్రమ్ము నిమిషానికి 1,800 చుట్లు తిరిగితే సుత్తి కొస వేగం సెకనుకు 42 మీటర్లు. 62కు బదులు 42 అంటే రాయికందే శక్తి సగానికి తక్కువ. చుట్టూ మూత కూడా దగ్గరగా ఉంటుంది. ఖరీదు ఎక్కువే. కానీ 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం కింద రాయితీ, రైతు బృందాల అద్దె కేంద్రాలు ఇలాంటి వాటి కోసమే వచ్చాయి. నలుగురు కలిసి తెచ్చుకుంటే భారం కాదు. అయితే అప్పుడు కూడా చుట్టుపక్కల మనుషులు ఉండకూడదన్న నియమం మారదు.

నియమం ఏమిటో నేరుగా చెబుతాను. స్లాషర్ తిరిగే చోటికి నాలుగు వైపులా వంద మీటర్లలో మనిషి, పశువు ఉండకూడదు. పల్నాడులో ఇది పాటించడం కష్టమని తెలుసు. ఎకరం, రెండెకరాల కమతాలు, కట్టె కొట్టే రోజుల్లోనే మిరప కోతలు. కర్నూలు జిల్లా నుంచి పిల్లాపాపలతో వలస వచ్చిన కుటుంబాలు చేల పక్కనే గుడారాలు వేసుకుంటాయి. తల్లులు కోతలో ఉంటే పసివాళ్లు గట్టు మీద చీర ఉయ్యాలలో నిద్రపోతుంటారు. మన ట్రాక్టర్ వచ్చిందని వాళ్ల కూలి పోగొట్టలేం. అందుకే ముందురోజు సాయంత్రం గట్టు దాటి వెళ్లి ఆ చేను రైతును అడగాలి: కోత ఏ మూల నుంచి మొదలవుతుంది, ఎన్నింటికి అన్నాలకు కూర్చుంటారు, ఎప్పటికి అవతలి కొసకు చేరతారు. వాళ్లు తూర్పు కొసన ఉన్నప్పుడు మనం పడమటి సాళ్లు కొట్టించుకోవచ్చు, రెండు చేలూ కలిపి వంద మీటర్లు దాటుతుంటేనే సుమా. దాటకపోతే వాళ్ల కోత అయ్యేదాకా రెండు రోజులు ఆగాలి. ఎండిన పత్తి కట్టె రెండు రోజులకు ఎక్కడికీ పోదు.